ఫుట్‌బాల్ ఆంగ్లమునకు పదపట్టిక చాలునా?

ఫుట్‌బాల్ ఆటకు సంబంధించిన ఆంగ్లమును నేర్వగోరువానికి నూరు మాటల పట్టిక నొకదానిని చేతికిచ్చి, ఎడమవైపున ఆంగ్లపదమును కుడివైపున తెలుగు అర్థమును నిలిపి, రెంటిని వల్లెవేయించినచో విద్య ముగిసినదని తలచువారు నేడు మనలో మిక్కిలిగ నున్నారు. ఆంగ్లసంభాషణము నేర్పు శిక్షణాలయములవారు, బాలురకై చిన్నిపుస్తకములు కూర్చువారు, అర్ధరాత్రివరకు మేల్కొని టీవీలో ఇంగ్లండు దేశపు లీగు పోటీలు చూచుచు వ్యాఖ్యాత మాటలు బోధపడక తల్లడిల్లు యువకులు, ఆ యువకులకు హితము చెప్పు పెద్దలు, ఎల్లరును ఈ విషయమున ఏకాభిప్రాయులు. ఆట వేరు, భాష వేరు, భాషయనగా మాటలు, మాటలనగా అర్థములు, అర్థములను కంఠస్థము చేసినవాడు భాష నెరిగినవాడు: ఇది వారి వాదసరణి. వినుటకిది సుకరముగను నిరపాయముగను తోచును. కాని ఈ సరణి నవలంబించిన విద్యార్థి ఆటకును దూరమగుచున్నాడు, ఆంగ్లమునకును దూరమగుచున్నాడు. పైపెచ్చు తనకు రెండును వచ్చినవను విశ్వాసముతో తిరుగుచున్నాడు. అజ్ఞానము కంటె ఈ విశ్వాసము హెచ్చు హానికరమని నా దృఢమైన నమ్మకము. కావున ఈ ప్రబలాభిప్రాయమును సాధ్యమైనంత విపులముగ ఖండింపబూనితిని.

పూర్వపక్షమును బలహీనముచేసి చూపి గెలుచుట న్యాయము కాదు. దాని బలమును ముందుగ నొప్పుకొనవలయును. పట్టికల పక్షమువారు ముఖ్యముగ మన సంప్రదాయమునే సాక్ష్యముగ తెత్తురు. మన పూర్వులు బాలునకు అక్షరములు వచ్చిన కొలదికాలమునకే అమరకోశమును వల్లింపజేసిరి. అమరము నెమరునకు వచ్చినవానికి కావ్యములతో పనియేమను సామెతయు పుట్టినది. అట్లు చదివినవారు మహాపండితులైరి గదా, ఆ పద్ధతి ఫుట్‌బాల్ ఆంగ్లమునకేల పనికిరాదు, అని వారి ప్రశ్న. ప్రశ్న గంభీరమైనదే. అయినను అమరమును వల్లించిన బాలుడు అమరముతో నిలిచిపోలేదు. మరుసటి యేడే రఘువంశమును ముందిడుకొని, గురువు ఎదుట కూర్చుండి, పదవిభాగము, అన్వయము, ప్రతిపదార్థము, తాత్పర్యము అను మెట్లనెక్కి, కోశములో నిద్రాణమైయున్న పదము శ్లోకములో ఏ విశేషణముతో కూడి, ఏ రసమునకు తోడ్పడి మేల్కొనుచున్నదో కన్నులార చూచెను. మఱియు అమరసింహుడు మాటలను అక్షరక్రమమున గుదిగ్రుచ్చినవాడు కాడు. స్వర్గవర్గము, వారివర్గము, పురవర్గము, వనౌషధివర్గమని లోకమునే వర్గములుగ విభజించి, లోకమున ఏది దేని చెంత నుండునో కోశమునందును దానిని దాని చెంతనే నిలిపినవాడు. నేటి పట్టికలకు ఆ క్రమమును లేదు, పిమ్మట చదువదగు కావ్యమును లేదు. కంఠస్థము చేయుటతోనే చదువు ఆరంభమై అక్కడనే అంతమగుచున్నది. బ్రౌను దొర తెలుగు నిఘంటువును కూర్చినవాడే. కాని 1829లోనే వేమన పద్యములను ప్రకటించి, తాళపత్రప్రతులను సేకరించి, పండితులచే పరిష్కరింపజేసి, ఆ పిమ్మట 1852 ప్రాంతమున నిఘంటువును వెలువరించెను. ఒక ఆంగ్లేయుడు తెలుగును నేర్చిన త్రోవ ఇది. తెలుగువాడు ఆంగ్లేయుల ఆటమాటలను నేర్చుటకు ఇంతకంటె దగ్గరిదారి యుండునని నమ్ముట కేవలము ఆశ.

ఇక మాటలలోనికే దిగుదము. 'ఆఫ్‌సైడ్' అను మాటకు పట్టికలలో 'అక్రమస్థానమున నుండుట' అనియో, తత్తుల్యమైన మఱియొక యర్థమో వ్రాయుదురు. బాలుడది చదివి, ప్రత్యర్థుల రక్షకులను దాటి వారి గోలు చెంత నిలుచుటయే నేరమని గ్రహించును. ఆట నిబంధనావళిలోని 11వ నిబంధన మొట్టమొదటనే చెప్పుమాట యేమనగా, ఆఫ్‌సైడ్ స్థానమున నుండుట తనంతట తాను నేరము కాదని! నేరమగుటకు ఆ ఆటగాడు, తన సహచరుడు బంతిని ఆడిన క్షణమున, బంతి కంటెను ప్రత్యర్థులలో చివరినుండి రెండవవాని కంటెను వారి గోలుగీతకు దగ్గరగ నుండవలయును. అట్లుండి పిమ్మట ఆటలో జోక్యము కలిగించుకొనవలయును, లేదా ప్రత్యర్థికి అడ్డుపడవలయును, లేదా ఆ యునికివలన లాభము పొందవలయును. తమ యర్ధభాగమున నున్నవానికి ఆ దోషమంటదు. త్రో-ఇన్ నుండి గాని, గోల్‌కిక్ నుండి గాని, కార్నర్ నుండి గాని బంతిని నేరుగ నందుకొన్నవానికి నంటదు. అనగా పట్టిక చెప్పిన యర్థము అసంపూర్ణమైనది మాత్రమే కాదు, నిబంధనకు విరుద్ధమైనది. అసంపూర్ణజ్ఞానమును కాలము పూరించును. విరుద్ధజ్ఞానమును ముందు పెఱికివేసినగాని సరియైనది నాటుకొనదు. పట్టికను వల్లించిన బాలుడు టీవీ ముందు కూర్చుండి, దాడిచేయువాడొకడు స్పష్టముగ ముందు నిలిచియున్నను జెండా లేవకుండుట చూచి, లైన్ వద్దనున్న అధికారి పక్షపాతియని కేకలు వేయుచుండుటకు కారణమిదియే. అతని కోపము నిష్కపటమైనది. తప్పు అతనిది కాదు, అతనికి నేర్పినవారిది.

'అడ్వాంటేజ్' అనుమాటయు నిట్టిదే. లాభమని యర్థము చెప్పి ఊరకుందురు. ఎవరి లాభము? ఎప్పటి లాభము? తప్పు జరిగినను ఈలవేసి ఆటనాపినచో అన్యాయమునకు గురియైన జట్టుకే నష్టము కలుగునని రెఫరీ తలచి, రెండుచేతులు ముందునకు చాచి ఆటను సాగనిచ్చుటకు ఆ పేరు. ఆ చాచిన చేతులను చూడనివానికి ఆ మాట రాదు. 'బ్యాక్‌పాస్' అనగా వెనుకకు పంపినబంతి యని వ్రాయుదురు. 1992 నుండి ఆ మాట వెనుక నిషేధమొకటి నిలిచియున్నదనియు, సహచరుడు బుద్ధిపూర్వకముగ పాదముతో తన్నిపంపిన బంతిని గోల్‌కీపర్ చేతులతో పట్టరాదనియు, తలతో పంపినదానిని మాత్రము పట్టవచ్చుననియు వ్రాయరు. ఆట ముగియునపుడు పలకపై చూపు అదనపు నిమిషములు కనీసపు లెక్కయేగాని తుదిలెక్క కాదని ఏ పట్టికయు చెప్పదు.

మన తెలుగువారి విషయమున మఱియొక ప్రత్యేకమైన చిక్కు కలదు. దీనిని పట్టికల కర్తలు గమనించినట్లే కానరాదు. మనకు ఆటల ఆంగ్లమనగా క్రికెట్టు ఆంగ్లమే. కొబ్బరిమట్టను బ్యాటుగ చేసికొని కళ్లములో ఆడుకొను పిల్లవానికిని పిచ్, డ్రా, టై, హ్యాట్రిక్ అను మాటలు తల్లిపాలతో వచ్చినట్లుండును. ఆ మాటలే ఫుట్‌బాల్‌లో నెదురైనపుడు వాడు తనకు తెలిసినవే గదాయని ధైర్యముగ ముందునకు పోయి గోతిలో పడును. క్రికెట్టులో పిచ్ యనగా వికెట్ల నడుమనున్న 22 గజముల నేల. ఫుట్‌బాల్‌లో మైదానమంతయు పిచ్. క్రికెట్టులో ఇరుపక్షముల పరుగులు సమానమై ముగిసినది టై, ఫలితము తేలక కాలము తీరినది డ్రా. ఫుట్‌బాల్‌లో గోల్సు సమానమైనదే డ్రా. మఱి టై? బ్రిటిషువారి వాడుకలో కప్పుపోటీలో ఒక జట్టు మఱియొక జట్టుతో తలపడవలసిన ఆటకే టై యని పేరు. అది ఇంకను ఆరంభము కాకపోయినను టైయే, ఒక పక్షము పదిగోల్సుతో గెలిచినను టైయే. అమెరికావారు మాత్రము సమముగ ముగిసినదానిని టై యందురు. ఏ జట్టుకు ఏ జట్టు ఎదురగునో చీట్లు తీసి నిర్ణయించుటకును డ్రా యనియే పేరు గనుక, రేపు మూడవ చుట్టుకు డ్రా జరుగునని ఆంగ్లపత్రికలో చదివినవాడు, రేపటి ఆట సమముగ ముగియునని ముందే ఎట్లు తెలిసినదని విస్తుపోవును.

హ్యాట్రిక్ మాట మన క్రికెట్టునుండియే అటు పోయినది. 1858లో షెఫీల్డు నగరమున హెచ్. హెచ్. స్టీఫెన్సన్ అను బౌలరు వరుసగ మూడు బంతులకు మూడు వికెట్లు కూల్చినపుడు చందాలెత్తి టోపీ బహూకరించిరట. క్రికెట్టులో వరుస తప్పిన హ్యాట్రిక్ లేదు. ఫుట్‌బాల్‌లో ఒకే ఆటలో ఒకడు మూడు గోల్సు చేసిన చాలును, నడుమ ఇతరు లెన్ని చేసినను భంగము లేదు. డెడ్ బాల్ యనగా క్రికెట్టులో ఆటనుండి తొలగిన బంతి, దానితో ఎవరికిని పనిలేదు. ఫుట్‌బాల్‌లో నిశ్చలముగ నిలిపి తన్నుటకు సిద్ధపరచిన బంతి, మైదానములోని ఇరువదియిద్దరి కన్నులును దానిమీదనే. రెండుభాషలకు వంతెన వేయగోరి పట్టికను వ్రాసినవారు ఈ రెండు ఆటల నడుమనున్న అగాధమును చూడనైన చూడలేదు. ఆంగ్లము ఒక్కటియేయను వారి మూలవిశ్వాసమును ఇంత తేలికగ కూలునది. 'సాకర్' అనుమాటను అమెరికావారి వికారమని హేళనచేయువారు మనలోను కలరు. అది 19వ శతాబ్ది చివర ఆక్స్‌ఫర్డు విద్యార్థులు 'అసోసియేషన్' పదమును కుదించి పలికిన ఇంగ్లండు మాటయే.

పట్టికల యసమర్థత పరాకాష్ఠ నందునది ఆటగాండ్ర స్థానముల పేర్ల యొద్ద. 'సెంటర్ హాఫ్' అనగా మధ్యభాగపు ఆటగాడని వ్రాసియుందురు. టీవీలో చూడగా ఆ పేరుతో పిలువబడువాడు తన గోలు ముందర, గోల్‌కీపరుకు కూతవేటు దూరమున, వెన్నుచూపక నిలిచియుండును. విద్యార్థికి రెండే త్రోవలు తోచును: పట్టిక తప్పైన కావలయును, వ్యాఖ్యాత పొరబడియైన నుండవలయును. నిజమునకు రెండును కావు. ఆ పేరులో అర్ధశతాబ్ది చరిత్ర దాగియున్నది. దానిని విప్పిచెప్పక ఆ మాట నేర్పితిమనుట విద్యార్థిని వంచించుట.

19వ శతాబ్ది చివరి పాదమున ఇంగ్లండులో స్థిరపడిన వ్యూహమున గోల్‌కీపరు ముందు ఇద్దరు ఫుల్‌బ్యాకులు, వారి ముందు మువ్వురు హాఫ్‌బ్యాకులు, వారి ముందు ఐదుగురు ఫార్వర్డులు. ఆ మువ్వురిలో నడుమవాడు సెంటర్ హాఫ్. జట్టుకు ఇరుసు వంటివాడు. బంతిని గుంజుకొనువాడును వాడే, ముందునకు పంచిపెట్టువాడును వాడే. కాని ఆ కాలపు ఆఫ్‌సైడ్ నిబంధన కఠినమైనది. 1863లో లండనులోని ఫ్రీమేసన్స్ టావెర్నున సమావేశమైనవారు వ్రాసికొన్న తొలి నిబంధనల ప్రకారము బంతికి ముందున్నవాడెవ్వడును ఆడరాదు. 1866లో దానిని సడలించి, గోలుకును ఆటగానికిని నడుమ ప్రత్యర్థులు మువ్వురున్నచో దోషము లేదనిరి. ఆ మువ్వురి నియమమును ఆధారముచేసికొని, ఇద్దరు ఫుల్‌బ్యాకులలో నొకడు చటుక్కున ముందునకు జరిగి, దాడికి వచ్చినవారినందరిని ఒక్కసారిగ దోషులను చేయు విద్యలో కొందరు ఆరితేరిరి. మైదానపు నడుమనే ఆట బిగుసుకొనిపోయినది. 1925 జూన్ నెలలో నిబంధనకర్తలు మువ్వురిని ఇద్దరు గావించిరి. ఒక్క అంకె మార్పు. ఇంగ్లండు మొదటి డివిజనులో అంతకు ముందటి యేడు 462 ఆటలలో 1,192 గోల్సు నమోదైయుండగా, మరుసటి యేడు అన్నియే ఆటలలో 1,703 గోల్సు వచ్చినవి. రక్షకులు దిక్కుతోచక నిలిచిరి. ఆ అక్టోబరు 3వ తేదీన న్యూకాజిల్ జట్టు ఆర్సెనల్‌ను ఏడు గోల్సుతో, ఒక్కటియు తిరిగి ఈయక, చిత్తుగావించెను.

ఆ వేసవిలోనే ఆర్సెనల్‌కు మేనేజరుగ వచ్చిన హెర్బర్టు చాప్‌మన్, అనుభవజ్ఞుడైన ఆటగాడు చార్లీ బుకన్ చిరకాలముగ చెప్పుచున్న యుపాయమును చేపట్టి, సెంటర్ హాఫ్‌ను నడుమనుండి తీసి, వెనుకకు జరిపి, ఫుల్‌బ్యాకులిద్దరి మధ్య నిలిపెను. జాక్ బట్లర్ ఆ నూతనస్థానమున నిలిచినవాడు. తమ చోటును అతనికిచ్చిన ఫుల్‌బ్యాకులు ఇరుప్రక్కలకు జరిగి వింగర్లను కాచుకొనసాగిరి. మనిషి స్థానము మారినది, పని మారినది, జట్టులో అతని స్వభావమే మారినది. పేరు మాత్రము మారలేదు. 1939లో ఇంగ్లండు లీగువారు చొక్కాలమీద అంకెలుండవలయునని నిర్ణయించినపుడును, ఆ పాతవ్యూహపు వరుసనే యనుసరించి గోల్‌కీపరుకు 1, ఫుల్‌బ్యాకులకు 2, 3, సెంటర్ హాఫ్‌కు 5 ఇచ్చిరి. 10 అంకె ఇన్‌సైడ్ లెఫ్ట్‌ది. ఆ స్థానము నేటి వ్యూహములలో లేకపోయినను, ఆటను నడుపు చతురుని ఆంగ్లేయులు నేటికిని 'నంబర్ టెన్' అనియే యందురు. ఫుల్‌బ్యాక్ అనగా పూర్తిగ వెనుకనుండువాడని మాటప్రకారము గ్రహించిన విద్యార్థి, నేటి ఫుల్‌బ్యాకు అంచుగీత వెంబడి పరుగెత్తి ప్రత్యర్థుల కార్నర్ జెండా చెంతనుండి క్రాస్ కొట్టుచుండగా చూచి ఏమని సమాధానపడగలడు? ఈ చరిత్రనంతటిని బాలునకు చెప్పుట భారము కాదా యని యడుగుదురు. భారము కాదు, కథ వినినవాడు మాటను మరువడు. చెప్పకుండ మాటను మాత్రము మోయించుటయే భారము.

మనదేశమున సెంటర్ హాఫ్ అను పేరుకు బదులుగ, ఆ వెనుకకు జరిగినవాని పనినే పేరుగ చేసి, 'స్టాపర్' అను మాట వాడుకలోనికి వచ్చినది. ఈ మాటకు జీవము పోసినవాడు జర్నైల్ సింగ్. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో తలకు గాయమై కుట్లు పడిన యాతనిని, రక్షకస్థానమునుండి తప్పించి సెంటర్ ఫార్వర్డుగ నిలిపినది శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. స్టాపరు సెమీఫైనలులో గోల్ చేసెను; సెప్టెంబరు 4న దక్షిణకొరియాతో జరిగిన ఫైనలులోను గోల్ చేసెను; భారతదేశము 2-1తో స్వర్ణమును గెలిచెను. స్టాపర్ యనగా ఆపువాడని పట్టిక చదివినవానికి ఈ కథలోని సాహసము బోధపడదు. ఆపువాడు అటుపోయి కొట్టుట ఎంతటి విపర్యాసమో, దానిని ఊహించిన గురువు బుద్ధి ఎంత సూక్ష్మమైనదో తెలియవలెనన్న, ఆ రెండుస్థానముల నడుమ మైదానమున ఎంత దూరమున్నదో కన్ను కొలిచియుండవలయును.

ఆ రహీం హైదరాబాదువాడు, వృత్తిచే ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగ ఐదేండ్లు రోవర్స్ కప్పును గెలిచినది. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం మొదలైనవారు ఆయన శిక్షణలో ఎదిగి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సున నాల్గవస్థానమునకు చేరిన జట్టున ఆడిరి. బంతిని కాళ్లతో లాగికొనిపోవుట నిషేధించి, అందుకొన్న వెంటనే ఇతరునకు అందింపజేయు పోటీలను ఆయన ప్రత్యేకముగ జరిపించెడివాడు. 'డ్రిబ్లింగ్' అనగా నేమో, 'పాస్' అనగా నేమో, వాని నడుమ భేదమేమో ఆ పోటీలలో నాడిన కుఱ్ఱవానికి కాళ్లకే తెలిసియుండును. ఉపాధ్యాయవృత్తి నెరిగినవాడే ఈ త్రోవను త్రొక్కెనన్నది మన పట్టికల కర్తలు నిదానముగ ఆలోచింపదగిన విషయము.

లోకమంతట ఫుట్‌బాల్ ఆంగ్లము ఈ రీతినే వ్యాపించినది. 1894లో చార్లెస్ మిల్లర్ ఇంగ్లండునుండి సావో పాలోకు బంతులను తెచ్చినపుడు బ్రెజిలువారికి ఆంగ్లపట్టికల నెవ్వరును పంచిపెట్టలేదు. వారు ఆడిరి, ఆడుచు విన్న 'బ్యాక్' మాటను తమ నోట 'బెకె' గావించుకొనిరి. ఇటలీలో 1893లో ఆంగ్లేయులు స్థాపించిన జెనోవా సంఘమునకు 1912లో శిక్షకుడుగ వచ్చిన విలియం గార్బట్టును ఆటగాండ్రు 'మిస్టర్' అని పిలిచెడివారు. నేటికిని ఇటలీలో శిక్షకుడెవ్వడైనను, ఇటలీవాడే యైనను, మిస్టరే. కలకత్తాలో 1911 జూలై 29న మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ సైనికదళమును 2-1తో ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డును గెలిచినది, ఒక్కడు తప్ప తక్కినవారందరు పాదరక్షలు లేకయే ఆడిరి. అంచుగీతల చుట్టు క్రిక్కిరిసిన వేలాదిజనులలో ఆంగ్లవిద్య నెరుగనివారు గోల్, ఫౌల్, కార్నర్ అను మాటలను ఏ గురువు నొద్ద నేర్చిరి? పరిపాలకుల భాషను గౌరవముతో కంఠస్థముచేసి వారామాటలను స్వాధీనపరచుకొనలేదు. పరిపాలకులను ఓడించుచు స్వాధీనపరచుకొనిరి.

మైదానములో ఆడువారు ఒండొరులతో పలుకు మాటలను పట్టికలు పూర్తిగ విస్మరించినవి. వెనుకనుండి ప్రత్యర్థి మీదికి వచ్చుచున్నాడని హెచ్చరించుటకు 'మ్యాన్ ఆన్' అని యరతురు. తొందరలేదు, తలయెత్తి చూడుమనుటకు 'టైమ్' అందురు. బంతిని దూరముగ తన్నివేయుమనుటకు 'అవే' యందురు. ఒక్కొక్క మాటకు కనురెప్పపాటు కాలము. పట్టికలో చదివిన పదమును మనస్సులో వెదకి, దాని తెలుగును స్మరించి, అప్పుడు కాలు కదల్చువానికి బంతి దక్కదు. మాటలు ఇక్కడ క్రియలే. అందుకే నిబంధనావళి సయితము ఆటలో మాటతో ప్రత్యర్థిని ఏమార్చినవానికి హెచ్చరిక విధింపవచ్చునని శాసించుచున్నది; ఎదుటివాని బంతిని 'లీవ్ ఇట్' అని సహచరునివలె కేకవైచి విడిపించుట వాక్చాతుర్యముగ గాక దోషముగ ఎంచబడును.

మాట విఫలమైనచో ఆటకేమగునో 1966 జూలైలో వెంబ్లీ మైదానము చూచినది. ఇంగ్లండు, అర్జెంటీనాల క్వార్టర్‌ఫైనలులో రుడాల్ఫ్ క్రైట్‌లీన్ అను జర్మను రెఫరీ అర్జెంటీనా నాయకుడు రట్టీన్‌ను బయటికి పంపెను. రట్టీన్‌కు స్పానిషు తప్ప రాదు, రెఫరీకి స్పానిషు రాదు. నిమిషములు గడచినను అతడు మైదానమును వీడలేదు. దీనిపై ఆలోచించిన కెన్ ఆస్టన్ అను ఆంగ్ల అధికారికి వీధిలోని సిగ్నల్ దీపములు త్రోవచూపినవి. పసుపు, ఎఱుపు కార్డులు 1970 మెక్సికో ప్రపంచకప్పు నుండి అమలులోనికి వచ్చినవి. ఆట భాషయనగా పదములు మాత్రమే కావనియు, రంగులు, చేతులు, ఈలలు, జెండాలు అందు సమానాంగములనియు గుర్తించిన నిర్ణయమిది. రెఫరీ చేయి పైకెత్తిన ఫ్రీకిక్‌కును ఎత్తని ఫ్రీకిక్‌కును గల భేదము నెరుగక, 'ఇన్‌డైరెక్ట్' అను మాటకు 'పరోక్షమైన' అని యర్థమును వల్లించినవాని స్థితిని తలచికొనిన నాకు జాలి కలుగుచున్నది.

తుదకు మిగులు ఆక్షేపణ యొకటి కలదు. అది అన్నిటిలో ఆర్ద్రమైనది. మైదానము లేని ఊరి పిల్లలేమి చేయవలయును? శిక్షకుడు లేనివారికి పట్టికయైన లేకున్న గతియేమి? అనంతపురము జిల్లాలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారు నడుపు క్రీడాకేంద్రమున పల్లెబాలబాలికలు ఫుట్‌బాల్ ఆడుచున్నారు. అట్టి భాగ్యము ఎల్లయూళ్లకు లేదన్నమాట నిజము. కాని చూపు దుర్లభమైనచోట మాట ఒంటరిగ పనిచేయలేదను సత్యమును ఆంగ్లేయులే మనకంటె ముందు గ్రహించిరి. 1927 జనవరి 22న బి.బి.సి. రేడియోవారు తొలిసారిగ ఒక లీగు ఫుట్‌బాల్ ఆటను, హైబరీ మైదానమున ఆర్సెనల్, షెఫీల్డు యునైటెడ్ జట్లు ఆడుచుండగా, ప్రత్యక్షముగ ప్రసారము చేసిరి. శ్రోతలు ఆంగ్లేయులు, వ్యాఖ్యాత వేక్‌లమ్ ఆంగ్లేయుడు, భాష వారి మాతృభాష, ఆట వారి దేశపు ఆట. అయినను కేవలము మాటలు చాలవని తలచి, రేడియో టైమ్స్ పత్రికవారు మైదానపు పటమును గళ్లుగ విభజించి అంకెలువేసి అచ్చొత్తించిరి. వ్యాఖ్యాత వర్ణించుచుండగా ప్రక్కనున్నవాడు బంతి ఏ గడిలోనున్నదో అంకె చెప్పుచుండెను. తమ భాషలో తమ ఆటను వినుచున్నవారికే పటము కావలసివచ్చినపుడు, పరభాషలో పరాయి ఆటను వినగోరు తెలుగుబాలునకు పటమైన ఈయక పదముల వరుస నిచ్చుట ఏ న్యాయము?

అయినచో ఏమి చేయవలయును? ఆట నిబంధనలు 17 మాత్రమే. 1938లో స్టాన్లీ రూస్ అను ఆంగ్లేయుడు వానిని క్రమపరచి, విశదమైన వాక్యములలో తిరిగి వ్రాసెను. నాటి సంఖ్యయే నేటికిని నిలిచియున్నది. వివిధభాషలలో వెలువడు ప్రతుల నడుమ భేదము కానవచ్చినచో ఆంగ్లపాఠమే ప్రమాణమని నిబంధనకర్తలు ప్రకటించియున్నారు గనుక, దానిని చదువువాడు ఆటకును ఆంగ్లమునకును మూలమైనచోటనే నిలిచి చదువుచున్నాడు. అందలి వాక్యములు చిన్నవి. ఏ క్రియ ఎవరిది, ఏ క్షణమున, ఏ షరతుతో, అని నిక్కచ్చిగ చెప్పునవి. హైస్కూలు విద్యార్థికి నిఘంటువు తోడుగ, ఉపాధ్యాయుడు ప్రక్కన కూర్చున్నచో, వారమునకొక నిబంధన అసాధ్యము కాదు. ఆటను మొదటి అర్ధభాగము ధ్వని తీసివేసి చూచి, ఈల మ్రోగిన ప్రతిసారి ఏమి జరిగెనో తెలుగులో తమలో తాము తర్కించుకొని, రెండవ అర్ధభాగమును వ్యాఖ్యాత గొంతుతో వినవలయును. తాము చూచినదానికి అతడు పెట్టిన పేరేదో అపుడు చెవిని పడును. ఆంగ్లోపాధ్యాయులు రాబోవు శనివారపు ఆటకు ముందుగ 11వ నిబంధనను తరగతిలో చదివించి, ఆట సాగుచుండగా లైన్ మీది జెండా లేచిన ప్రతిసారియు, లేవవలసియుండి లేవని ప్రతిసారియు, కారణమును ఆంగ్లములో ఒక వాక్యముగ విద్యార్థులచే వ్రాయించి, సోమవారము ఉదయము వానిని దిద్దనారంభింపవలయును.